లోపలి కొలత

ఆదివారం మధ్యాహ్నం సంగటి తిన్నాక కేశవప్ప పొయ్యి పక్కనున్న సీసాలోంచి కిరసనాయిలు గుడ్డ మీద ఒంపుకుని గడప దగ్గర కూర్చున్నాడు. చేతిలో బుష్ ఉంది. లారీ బ్రేకు కడ్డీ అందులో తిరుగుతుంది. బెత్తెడు ఉక్కు గొట్టం, ఒక కొసన అంచు, అంచులో నాలుగు బెజ్జాలు, లోపల పొడవునా ఒక గాడి. అంచు మీద వేలెడు మేర ఎర్రరంగు పూసి ఉంది. గుడ్డతో ఆ రంగును రుద్ది తీస్తున్నాడు.

రంగు పూసింది కూడా అతనే. తమిళనాడు హోసూరు పారిశ్రామికవాడ సిప్‌కాట్‌లో ఆ బుష్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆఖరి తనిఖీ బల్ల కేశవప్పది. ముక్కలు ఒక్కొక్కటే తీసుకుని గేజి పెట్టాలి. గేజి అంటే అరచేయంత ఉక్కు కడ్డీ. దాని ఒక కొస ముక్కలోకి దూరాలి, రెండో కొస దూరకూడదు. రెండోది కూడా దూరిందంటే బెజ్జం పెద్దదైపోయిందని అర్థం. అప్పుడు అంచు మీద ఎర్రరంగు పూసి పక్కనున్న ఎర్రడబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బా నిండితే తుక్కు లారీ వచ్చి ఎత్తుకుపోతుంది.

"రంగు ఏంటికి తీస్తాండావు నాయనా?" అంది త్రివేణి.

"కాగితానికంటుతుంది. రికార్డు నోటు మీద మరక పడితే మీ ప్రసాదు సారు నీకు రెండు మార్కులు, నాకు రెండు మార్కులు కోస్తాడు."

త్రివేణి చాప మీద డ్రాయింగు పలక పెట్టుకుని పెన్సిలు చెక్కుతోంది. ప్లస్ టూ రెండో సంవత్సరం, మెషినిస్టు గ్రూపు. క్లాసులో ఇరవై ముగ్గురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. గురువారం ప్రాక్టికల్ పరీక్ష. రికార్డు నోటులో పదహారు బొమ్మలుండాలి, ప్రతి పేజీ కింద సారు సంతకం ఉండాలి. పదిహేను అయ్యాయి. బడిలో లేతు మిషను ఒకటి ఉంది కానీ దానికి కరెంటు లేదు. చూసి గీయడానికి ముక్కలూ లేవు. దీపావళి పోయినప్పటి నుంచి కేశవప్ప వారానికొకటి ఎర్రడబ్బాలోంచి తీసి టిఫిన్ క్యారియరులో పెట్టుకుని వస్తున్నాడు. త్రివేణి గీశాక మళ్ళీ తీసుకుపోయి అదే డబ్బాలో వేస్తున్నాడు. సూపర్‌వైజరు అంజినప్పను అడిగే తీశాడు. "తీసుకుపోప్పా, పాప సదువుకుంటే ఎవురికి నష్టం" అన్నాడు అంజినప్ప.

మారెమ్మ పెరట్లోంచి లోపలికి వచ్చింది. గులాబీ తోటకు కూలికి పోతుంది. ముళ్ళు గీరిన చేతులకు ఆముదం రాసుకుంటూ మొగుణ్ణీ కూతుర్నీ చూసింది.

"తండ్రీ కూతురూ ఆ ఇనప ముక్కకు నలుగు పెట్టి నీళ్ళు పోస్తాండారా? దిష్టి కూడా తియ్యండి."

"ఉప్పూ మిరపకాయలూ తీసుకురా, తీస్తాము" అన్నాడు కేశవప్ప.

బుష్‌ను పంచె కొంగుతో తుడిచి కూతురి ముందు పెట్టాడు. ఆమె దాన్ని ముందు నుంచి, పై నుంచి, పక్క నుంచి తిప్పి చూసింది. బడి నుంచి తెచ్చిన వెర్నియరు కొలబద్దతో అంచు కొలిచింది, పొడవు కొలిచింది, గాడి కొలిచింది. ప్రతి అంకెనూ పైకి చదివి పెన్సిలుతో చిన్నగా రాసుకుంది. లోపలి బెజ్జం దగ్గర ఆగింది.

"ఇరవై అయిదు పాయింటు ఒకటి రెండు."

"మళ్ళ చూడు."

మళ్ళీ చూసింది. మూడోసారి వెలుతురు కోసం గడప దాకా జరిగి చూసింది. "అంతే నాయనా."

"అంతే. అందుకే గదా అది ఎర్రడబ్బాలో పడె. నీ కొలత కరెక్టుగా ఉండాది."

బొమ్మ పూర్తి కావడానికి రెండు గంటలు పట్టింది. ఆమె గీస్తూంటే కేశవప్ప తమిళంలో ఉన్న మెషినిస్టు పాఠ్యపుస్తకం తెరిచి వెనక ప్రశ్నలు అడిగాడు. అతను కూడబలుక్కుని చదువుతాడు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన త్రివేణికీ ఆ పుస్తకంలో సగం మాటలు కొత్తవే. ఒక మాట ఇద్దరికీ అర్థం కాలేదు. ఆమె దాని కింది రెండు లైన్లు చదివి, కొలత ఎంత దాకా అటూఇటూ పోవచ్చో దాని పేరని చెప్పింది.

"ఓ, లిమిట్టా" అన్నాడు. "ఇరవై ఏండ్లుగా దాంతోనే గదా కాపురం."

చివరికి ఆమె లోపలి బెజ్జానికి బాణం గుర్తు వేసి 25.12 అని రాసింది. కేశవప్ప వంగి చూశాడు.

"అది చెరిపెయ్యి."

"కొలిచింది గదా నాయనా?"

"కొలత సరే. బొమ్మ అనేది ముక్క ఎట్లుండాదో చెప్పేదానికి కాదమ్మా, ఎట్లుండల్లో చెప్పేదానికి. ఇది చూసి ఇంకొకడు తయారుచేసినాడనుకో, వాడూ తప్పే చేస్తాడు. ఇరవై అయిదు రాయి. దాని పక్కన పైన ప్లస్సు సున్న పాయింటు సున్న రెండు, కింద సున్న."

"ఇది పుస్తకంలో లేదే."

"పుస్తకంలో యాడుంటాది? అది ఈ బుష్‌ది."

"కొలిచిందే రాయమని సారు చెప్పినాడు."

"సారు మంచోడే. అయితే తప్పు కొలత రాసిన బొమ్మ మీద నీ పేరుంటే, తెలిసినోడు చూసి ఏమంటాడు? తనిఖీ కేశవప్ప కూతురికి లిమిట్టు తెలీదంటాడు."

ఆమె రబ్బరు తీసుకుని పన్నెండును చెరిపింది. పొట్టును ఊదేసింది. కేశవప్ప చెప్పినట్టే రాసింది. అతను నోటును చేతికి తీసుకుని దూరంగా పట్టుకుని చూశాడు.

"ఇప్పుడు బాగుండాది" అన్నాడు.

సోమవారం పొద్దున ఏడున్నరకు గేటు దగ్గర వరస ఆగి ఉంది. కాపలా కాంట్రాక్టు ఆ నెలలోనే మారింది. మునుపు బయటికి పోయేటప్పుడే, అదీ అప్పుడప్పుడూ, సంచులు తడిమేవాళ్ళు. కిందటి వారం షెడ్డు వెనక బ్రాందీ సీసాలు దొరికాయి. ఆ రోజు నుంచి లోపలికి వచ్చే సంచులూ చూడమన్నారట. ఆ సంగతి కేశవప్పకు తెలియదు. తెలిసినా క్యారియరు ఇంట్లో పెట్టి వచ్చేవాడు కాదు. ఎర్రడబ్బా ముక్కను ఎర్రడబ్బాలో వెయ్యడానికే తెస్తున్నాడు.

కాపలావాడు ఊత్తంగరై మనిషి. క్యారియరు పై గిన్నె మూత తీశాడు. గుడ్డ విప్పాడు. బుష్‌ను పైకెత్తి పట్టుకున్నాడు.

"కేశవప్పా, ముద్దలోకి నంజుకునేదానికి ఏందది?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వరసలో నవ్వు లేచింది. కేశవప్ప కూడా నవ్వాడు.

కాపలావాడు నవ్వలేదు. రిజిస్టరు తెరిచి టైము వేసి, పేరు రాసి, బుష్ ఒకటి అని తమిళంలో రాశాడు. సంతకం పెట్టమన్నాడు. కేశవప్ప పెట్టాడు.

టైమాఫీసు బెంచీ మీద పన్నెండు దాకా కూర్చోబెట్టారు. తర్వాత పర్సనెల్ మేనేజరు పిలిచాడు. ఆయన కోయంబత్తూరు మనిషి, గొంతు పెంచి మాట్లాడడు. కేశవప్ప ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. అది రిజెక్టు ముక్క, బెజ్జం పెద్దది, కూతురు బొమ్మ గీయడానికి తీసుకుపోయాడు, తిరిగి తెచ్చాడు.

"రిజెక్టయితే ఎర్రరంగు ఏదీ?"

"తుడిచినాను సార్."

మేనేజరు ఆ మాట కాగితం మీద రాసుకున్నాడు. "కూతురు చదువు కోసమని రుజువేమిటి?"

"నోటు ఉండాది సార్. బొమ్మ గీసిన రికార్డు నోటు. సారు సంతకం ఉంటుంది."

"రేపు పదింటికి తీసుకురా. అమ్మాయినీ తీసుకురా. ఇవాళ ఇంటికి పో."

కేశవప్ప లేచి నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. బయటికి వచ్చాక గానీ తిండి తినలేదన్న సంగతి గుర్తు రాలేదు. ప్రహరీ నీడలో కూర్చుని ముద్ద తిన్నాడు. మనసు కుదుటపడింది. నోటు అడిగాడంటే చూస్తాడు. చూస్తే తెలుస్తుంది.

సాయంత్రం మారెమ్మ కూలి నుంచి వచ్చి విషయం విని పూల మూట దించకుండానే నిలబడింది.

"నోటెందుకు వాళ్ళకు? గురువారం పరీక్ష పెట్టుకుని?"

"చూసి ఇచ్చేస్తారు. అది ఉండాది కాబట్టే నేను దొంగను కాదని తెలిసేది."

"వాళ్ళకు తెలీకనా?"

"తెలిసిందానికి కూడా కాగితం కావల్ల మారీ. ఫ్యాక్టరీ అంటే అంతే."

త్రివేణి ఆ రోజే పదహారో పేజీ మీద ప్రసాదు సారు సంతకం తెచ్చుకుంది. సారు సంతకం పెట్టి, పక్కనున్న ప్లస్సు సున్నా పాయింటు సున్నా రెండు మీద వేలు పెట్టి ఇది ఎవరు చెప్పారని అడిగాడట. మా నాయన అని చెప్పిందట. "మీ నాయన్ను ఈడ మాస్టరుగా పెట్టల్ల" అన్నాడట. ఆ మాటను కేశవప్ప రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత నోటుకు పాత పేపరు అట్ట వేసి, మడతలు గోటితో నొక్కాడు.

మంగళవారం పదింటికి మేనేజరు గదిలోకి వెళ్ళేసరికి అంజినప్ప కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. టేబులు మీద కాగితాలు ఫ్యాను గాలికి ఎగరకుండా వాటి మీద బుష్ పెట్టి ఉంది. కూర్చోమని త్రివేణికి ఒక కుర్చీ చూపించారు. ఆమె కూర్చోలేదు.

"అంజినప్పా, ముక్కలు బయటికి తీసుకుపోవడానికి మీరు పర్మిషన్ ఇచ్చారా?" అని మేనేజరు తమిళంలో అడిగాడు.

"నా దగ్గర రాతపూర్వకంగా ఏమీ లేదు సార్."

"నోటి మాటగా?"

అంజినప్ప కిటికీ వైపు తిరిగాడు. "గుర్తు లేదు సార్."

కేశవప్ప అతని వైపు చూశాడు. అంజినప్ప కిటికీలోంచి సైకిల్ స్టాండు వైపు చూస్తున్నాడు. అతనికి ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉంది.

మేనేజరు నోటు అందుకుని మొదటి పేజీ నుంచి తిప్పుతూ వచ్చాడు. పదహారో పేజీ దగ్గర ఆగాడు.

"నువ్వే గీశావా అమ్మా?"

"అవును సార్."

"మా ట్రైనీలు కూడా ఇలా గీయరు. కొలతలు ఎక్కడివి?"

"కొలిచినాను సార్. బడి వెర్నియరుతో."

"అన్నీనా?"

"అన్నీ కొలిచినాను."

మేనేజరు పెన్ను మొనను బొమ్మ మీద ఆనించాడు. "ఇక్కడ ఇరవై ఐదు అని ఉంది. కొలిచినప్పుడు ఇరవై ఐదే వచ్చిందా?"

త్రివేణి తండ్రి వైపు చూసింది. మేనేజరూ అటే చూశాడు.

"కేశవప్పా, బెజ్జం పెద్దది కాబట్టి రిజెక్టు అని నిన్న నువ్వు చెప్పావు. నీ కూతురు కొలిచి ఇరవై ఐదు అని రాసింది. అంటే ముక్క మంచిదే. మంచి ముక్కను రిజెక్టని రిజిస్టరులో రాసిందీ నువ్వే, బయటికి తీసుకుపోయిందీ నువ్వే."

"లేదు సార్, అది..."

"విను. కొలిస్తే వచ్చింది ఇది కాదంటావనుకో. అప్పుడు ఈ ఇరవై ఐదు, ఈ ప్లస్ సున్నా పాయింట్ సున్నా రెండు ఎక్కడివి? బడి పుస్తకంలో లేవు. కంపెనీ డ్రాయింగులో ఉన్నాయి. మన బుష్‌ను చూసి నకలు చేసి అమ్మేవాళ్ళు చుట్టుపక్కల షెడ్లలో ఉన్నారని నీకూ తెలుసు. ముక్క ఎవరికైనా దొరుకుతుంది. వాళ్ళకు దొరకనిది ఈ అంకె. దాన్ని కాగితం మీద పెట్టి ఫ్యాక్టరీ దాటించావు. దానికి వేరే సెక్షన్ ఉంది, పోలీసులున్నారు. రెంటిలో ఏది జరిగిందో నువ్వే చెప్పు."

కేశవప్ప బుష్ వైపు చూశాడు. చెయ్యి చాపితే అందుతుంది. తనిఖీ బల్ల సొరుగులో గేజి ఉంది, ఇక్కడికి వంద అడుగులు. గేజి తెప్పించి రెండో కొస పెడితే బెజ్జంలోకి దూరుతుంది. ముక్క రిజెక్టని అందరి ముందూ తేలుతుంది. తేలిన మరుక్షణం, కూతురు రాసిన ఇరవై ఐదు కొలిచింది కాదనీ తేలుతుంది. కొలవని కొలతకు సారు సంతకం ఉంది. ఆ అంకె ఎవరు చెప్పారని అడుగుతారు. నోటు ఈ టేబులు మీదే ఉండిపోతుంది.

మేనేజరు సొరుగులోంచి టైపు చేసిన కాగితం తీశాడు. ముందే తయారై ఉంది.

"ఇరవై ఏళ్ళుగా ఉన్నావు. నాకు నిన్ను స్టేషనుకు పంపాలని లేదు. చదువు కోసం పర్మిషన్ లేకుండా మంచి ముక్క తీసుకుపోయాను, తప్పయింది, రాజీనామా చేస్తున్నాను అని ఇందులో ఉంది. సంతకం పెడితే రావలసింది వస్తుంది, నోటు ఇప్పుడే ఇచ్చేస్తాను. పెట్టకపోతే ఎంక్వయిరీ జరుగుతుంది. అది అయ్యేదాకా నోటు సాక్ష్యం కింద ఉండాలి."

"ఎన్ని దినాలు పడుతుంది సార్?"

"నెల. రెండు నెలలు."

"సార్," అంది త్రివేణి. "నేను కొలిచినప్పుడు..."

"గమ్మునుండు పాపా" అన్నాడు కేశవప్ప. మేనేజరు వైపు తిరిగాడు. "కొలిచిందే రాసింది సార్. ముక్క మంచిదే."

కాగితం దగ్గరికి లాక్కుని, ఎక్కడ అని అడిగి, మేనేజరు చూపించిన చోట తెలుగులో సంతకం పెట్టాడు. మేనేజరు బుష్‌ను కాగితాల మీద నుంచి తీసి అంజినప్ప చేతికిచ్చి, దీన్ని స్టోర్సులో అప్పగించండి అన్నాడు. నోటును త్రివేణికిచ్చాడు.

"పరీక్ష బాగా రాయమ్మా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు.

కాగితం నకలు ఒకటి చేతికి రావడానికి మధ్యాహ్నం రెండయింది. సైకిల్ స్టాండు దగ్గర సిమెంటు దిమ్మె మీద కూర్చుని కేశవప్ప దాన్ని కూతురికిచ్చాడు. "ఏముందో సదువు." అది ఇంగ్లీషులో ఉంది. ఆమె ఒక్కో లైనూ చదివి తెలుగులో చెప్పుకుంటూ వచ్చింది. పేరు, టోకెన్ నంబరు, తేదీ. ఒప్పుకున్న తప్పు. రాజీనామా. రావలసినవాటి వివరం. చివరి లైను దగ్గర ఆమె ఆగింది.

"ఏందది?"

"దొరికిన బుష్ ఒకటి, మంచి స్థితిలో ఉన్నది, తిరిగి స్టాకులో చేర్చినారంట."

కేశవప్ప కాగితం వెనక్కి తీసుకున్నాడు.

"నాయనా, అది బాగలేదు కదా" అంది త్రివేణి. "పాయింటు ఒకటి రెండు ఎక్కువ."

"తెలుసు."

"బ్రేకులో పెడితే ఏమవుతుంది?"

"మొదట్లో ఏమీ కాదు. కడ్డీ ఆడతా ఉంటాది. ఆడీ ఆడీ..." అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు టవున్ బస్సెక్కి పో. లిమిట్ల పాఠం ఇంకొక తూరి చూసుకో. ప్రశ్న దాంట్లోంచే వస్తుంది."

"నేనే చెరిపినాను. నేను చెరపకుండా ఉండింటే..."

"నేను చెప్పినాను, నువ్వు చెరిపినావు. ఇంక ఆ మాట మీ అమ్మ కాడ కూడా అనొద్దు. గురువారం దాకా ఎవురి కాడా అనొద్దు. పో."

ఆమె నోటును రొమ్ముకు ఆనించి పట్టుకుని గేటు వైపు నడిచింది. కాపలావాడు నోటు తీసుకుని పేజీలు దులిపి చూసి పంపించాడు. అది చూశాక కేశవప్ప లేచి షెడ్డులోకి నడిచాడు.

అంజినప్ప తనిఖీ బల్ల దగ్గర ఉన్నాడు. కేశవప్పను చూసి రెండడుగులు ముందుకు వచ్చి మళ్ళీ ఆగాడు.

"కేశవప్పా, నా పరిస్థితి నీకు తెలియంది కాదు..."

"గేజీలు అప్పగించల్ల గదా. దానికొచ్చినా. బుష్ యాడ పెట్టినావన్నా?"

"స్టోర్సులో ఇచ్చేసినా. ఆర్డరు ఆరునూట నలభై. ఒకటి తగ్గిందని నిన్నటి నుంచి కొట్టుకుంటా ఉండిరి. ఇది వచ్చి సరిపోయిందని ఏదో పెట్టెలో పడేసినారు."

"ఏ పెట్టెలో?"

"వాళ్ళకే గుర్తు లేదు. పెట్టెలు తిరగేసి పేర్చేసినారు. పదహారు పెట్టెలు. అయిదింటికి లారీ."

కేశవప్ప గోడ గడియారం చూశాడు. రెండుంబావు.

"పెట్టెలు బల్ల కాడికి తెప్పించు."

"ఇప్పుడా? ఏమని తెప్పించేది? నువ్వు మధ్యాహ్నం నుంచి..." మాట పూర్తి చెయ్యలేదు.

"గేజి అప్పగించే ముందు సరిగ్గా ఉండాదా లేదా చూపిస్తాండాడని చెప్పు. నువ్వు పక్కనే నిలబడుకో. నేను జేబులో ఏమీ వేసుకోను."

అంజినప్ప కూడా గడియారం చూశాడు. తర్వాత వెళ్ళి ఇద్దరు కూలీలతో పెట్టెలు తోపుడుబండి మీద తెప్పించాడు.

కేశవప్ప చొక్కా చేతులు మోచేతుల పైకి మడిచాడు. సొరుగులోంచి గేజి తీసి నూనెగుడ్డతో తుడిచాడు. మొదటి పెట్టె మూత తీశాడు. ఎడమ చేత్తో బుష్ తీసుకోవడం, కుడి చేత్తో ఒక కొస దూర్చడం, తీసి తిప్పి రెండో కొస ఆనించడం, అది ఆగిందని వేలికి తెలియగానే ఖాళీ పెట్టెలో పెట్టడం. ఒక్కొక్కదానికి పది సెకండ్లు. పెట్టెకు నలభై. ఇవి అతను ఒకసారి చూసినవే. అయినా ఒక్కటీ వదలకుండా రెండు కొసలూ పెట్టాడు. మిషన్ల మీద ఉన్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. ఎవరూ దగ్గరికి రాలేదు. టీ బండి వచ్చింది. బండివాడు అలవాటుగా ఒక గ్లాసు బల్ల చివర పెట్టి పోయాడు. టీ మీద మీగడ కట్టింది.

పన్నెండో పెట్టెలో ముప్పై మూడోది. మొదటి కొస దూరింది. రెండో కొస ఆనించాడు. అది ఆగకుండా పిడి దాకా లోపలికి జారింది.

కేశవప్ప చేతులు ఆగాయి. గేజి తీసి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది. అంజినప్ప వంగి చూశాడు. అతనికీ ముప్పై ఏళ్ళ పని. చెప్పాల్సిన అవసరం లేదు.

"ఇదే గదా" అన్నాడు.

"ఇదే."

"నువ్వు చెప్పింది నిజమే గదప్పా మళ్ళ. పద, పోదాము. గేజి కూడా తీసుకో. ఆయప్ప టేబులు మీదనే పెట్టి చూపిస్తాము. ఈ తూరి నేను చెప్తా. నోటి మాటగా నేనే ఇచ్చినానని కూడా చెప్తా."

ఆ మాట అతను మనస్ఫూర్తిగానే అన్నాడు. కేశవప్పకు అది తెలిసింది.

"పోతే ఏమవుతుందన్నా?"

"నువ్వు దొంగవు కాదని తేలుతుంది."

"తేలుతుంది. మరి నోటులో ఇరవై అయిదు ఎట్ల వచ్చిందంటారు. నోటు తెప్పిస్తారు. ఎల్లుండి పాపకు పరీక్ష."

అంజినప్ప వెనక్కి తగ్గి బల్ల మీది స్టోర్సు పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

కేశవప్ప బల్ల కింద నుంచి ఎర్ర పెయింటు డబ్బా తీశాడు. మూత బిగుసుకుపోయి ఉంటే గేజి పిడితో తట్టి తెరిచాడు. బ్రష్‌తో బుష్ అంచు చుట్టూ, లోపలా, బయటా పూశాడు. ఎర్రడబ్బాలో వేశాడు. కింద ఉన్న ముక్కలకు తగిలి చప్పుడైంది. వేళ్ళకంటిన రంగును గుడ్డకు తుడుచుకున్నాడు.

అంజినప్ప స్టోర్సు పుస్తకం చేతిలో పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు.

"చలాను ఆరునూట నలభైకి టైపయిపోయింది" అన్నాడు. "ఒకటి తగ్గుతుంది. దాన్ని స్టాకులోకి తీసుకున్నట్టు పైనుంచి కాగితం ఉండాది. రిజెక్టని రాస్తే ఎవురు చూసినారు, ఎవురు సంతకం పెట్టినారంటారు. నీ సంతకం ఇప్పుడు చెల్లదు. నేను ఏమని రాసేదప్పా?"

"నేను ఎత్తుకపోయినానని రాయి."

అంజినప్ప అతని ముఖంలోకి చూశాడు. కేశవప్ప నవ్వడం లేదు.

"రాయి అన్నా. ఎట్లాగూ ఒప్పుకున్నదే."

గడియారంలో నాలుగు కొట్టడానికి పది నిమిషాలుంది. ఇంకా నూట అరవై ఏడు మిగిలి ఉన్నాయి. కేశవప్ప గేజి తుడిచి, పన్నెండో పెట్టెలోంచి ముప్పై నాలుగో బుష్ చేతికి తీసుకున్నాడు.